డీజిల్ ఇంజిన్‌లో ఉష్ణోగ్రత సెన్సర్ లోపాన్ని కనిపెట్టడం ఎలా

ఉదయం పూట ఎక్కువసేపు సెల్ఫ్ తిప్పితే గానీ ఇంజిన్ అందుకోకపోవడం, ఇంజిన్ చల్లగా ఉండగానే రేడియేటర్ ఫ్యాన్ పూర్తి వేగంతో తిరగడం, పొగ ఎక్కువ కావడం, మైలేజీ తగ్గడం, మీటరులో ముల్లు ఉన్నట్టుండి పైకి లేచి మళ్లీ పడిపోవడం వంటి లక్షణాలు కామన్ రైల్ డీజిల్ బండ్లలో కనిపించగానే, చాలా షెడ్లలో ముందుగా జరిగే పని కూలంట్ ఉష్ణోగ్రత సెన్సర్‌ను విప్పి కొత్తది బిగించడం. కొన్నిసార్లు దానితో సమస్య తీరుతుంది. చాలాసార్లు తీరదు, ఎందుకంటే తప్పు కొలత కంప్యూటర్‌కు చేరడానికి సెన్సర్ ఒక్కటే కారణం కాదు. ఇంజిన్ ఉష్ణోగ్రతే నిజంగా తేడాగా ఉండవచ్చు, సెన్సర్ చెడిపోయి ఉండవచ్చు, లేదా సెన్సర్‌కూ ఈసీయూకూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్‌కూ) మధ్య ఉన్న వైరు, కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు), ఎర్త్‌లలో ఏదో ఒకటి దెబ్బతిని ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏదో తేల్చుకున్న తరువాతే స్పానర్ చేతిలోకి తీసుకోవాలి. ఆ తేల్చుకునే పద్ధతిని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. ప్రధానంగా చెప్పేది సిలిండర్ హెడ్ మీద గానీ థర్మోస్టాట్ (కూలంట్ వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వ్) హౌసింగ్ మీద గానీ ఉండే రెండు పిన్నుల కూలంట్ సెన్సర్ గురించి. గాలి, ఇంధనం, ఎగ్జాస్ట్ సెన్సర్ల విషయంలో తేడా ఉన్న సంగతులను చివర చెబుతాను.

సెన్సర్ పనిచేసే తీరు

ఈ సెన్సర్ కొనలో ఎన్‌టీసీ థర్మిస్టర్ అనే చిన్న ముక్క ఉంటుంది. వేడి పెరిగే కొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. బాష్ కంపెనీ విస్తృతంగా సరఫరా చేసే రకంలో 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 5,900 ఓమ్‌లు, 20 డిగ్రీల దగ్గర 2,500, 30 దగ్గర 1,700, 40 దగ్గర 1,180, 60 దగ్గర 600, 80 దగ్గర 320, 90 దగ్గర 243, 100 డిగ్రీల దగ్గర 187 ఓమ్‌లు ఉంటాయి. ఇతర తయారీదారుల సెన్సర్లలో అంకెలు వేరుగా ఉండవచ్చు కాబట్టి మీ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న పట్టికనే ప్రమాణంగా తీసుకోండి. అయినా ఒక విషయం అన్నిటికీ ఒకటే: చల్లగా ఉన్నప్పుడు నిరోధం వేలల్లో ఉంటుంది, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక వందల్లోకి దిగుతుంది. ఈ తేడా ఎంత ముఖ్యమో కప్లర్ తుప్పు గురించి చెప్పేటప్పుడు మీకు అర్థమవుతుంది.

ఈసీయూ తన లోపల ఉన్న ఒక స్థిర నిరోధం గుండా ఈ సెన్సర్‌కు 5 వోల్టులు పంపి, సిగ్నల్ వైరు మీద ఎంత వోల్టేజీ మిగిలిందో చూసి ఉష్ణోగ్రతను లెక్కగడుతుంది. వైరు తెగిపోతే వోల్టేజీ 5 దగ్గరే నిలిచిపోతుంది, దాన్ని ఈసీయూ మైనస్ 40 డిగ్రీల చలిగా అర్థం చేసుకుంటుంది. సిగ్నల్ వైరు ఎర్త్‌కు తగిలితే వోల్టేజీ సున్నాకు పడిపోతుంది, అప్పుడు ఇంజిన్ మండిపోతున్నట్టు లెక్క వస్తుంది. డీజిల్ ఇంజిన్‌లో గ్లో ప్లగ్‌లు (చల్లటి ఇంజిన్ అందుకోవడానికి సిలిండర్లను వేడిచేసేవి) ఎంతసేపు వేడెక్కాలి, స్టార్టింగ్‌లో ఎంత డీజిల్ కొట్టాలి, ఇంజెక్షన్ ఎప్పుడు మొదలవ్వాలి, ఈజీఆర్ వాల్వ్ (కాలిన పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) ఎప్పుడు తెరుచుకోవాలి, ఫ్యాన్ ఎప్పుడు తిరగాలి అన్న నిర్ణయాలన్నిటిలోనూ ఈ ఒక్క అంకె పాలు పంచుకుంటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన బీఎస్6 ఉద్గార ప్రమాణాల బండ్లలో డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే వడపోతలో) పేరుకున్న మసిని కాల్చే ప్రక్రియ కూడా ఇంజిన్ తగినంత వేడెక్కిందని తెలిస్తే గానీ మొదలు కాదు.

ముందుగా ఇంజిన్ నిజంగా వేడెక్కిందో లేదో చూడండి

మీటరు ఎక్కువ వేడి చూపిస్తున్నప్పుడు అది సెన్సర్ తప్పేనని అనుకుని బండిని నడుపుతూ పోకండి. ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారేదాకా ఆగండి. వేడిగా ఉన్న రేడియేటర్ మూతను ఎట్టి పరిస్థితుల్లోనూ తిప్పవద్దు, ఎందుకంటే ఒత్తిడి వల్ల లోపలి కూలంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత తీసిన మరుక్షణం ఆవిరిగా మారి ముఖం మీదకు చిమ్ముతుంది. చల్లారాక మూత తీసి, కేవలం పక్కనున్న డబ్బాలో కాకుండా రేడియేటర్‌లోనే కూలంట్ మట్టం చూడండి.

ఇక్కడ చాలామంది గమనించని ప్రమాదం ఒకటి ఉంది. సెన్సర్ కొన కూలంట్‌లో మునిగి ఉంటేనే దాని కొలతకు విలువ ఉంటుంది. కూలంట్ కారిపోయి కొన చుట్టూ గాలి గానీ ఆవిరి గానీ మిగిలితే, ఇంజిన్ కాలిపోతున్నా మీటరు మామూలుగానో, అంతకంటే తక్కువగానో చూపించవచ్చు. అందువల్ల మీటరు ముల్లు కిందికి పడిపోయి ఇంజిన్ మాత్రం శక్తి కోల్పోతూ, వాసన వస్తూ ఉంటే అది అన్నిటికంటే తీవ్రమైన పరిస్థితి అని భావించి వెంటనే ఇంజిన్ ఆపండి. కూలంట్ మార్చిన తరువాత గాలి సరిగా తీయకపోయినా కొలత ఇలాగే ఊగిసలాడుతుంది. అప్పుడు సెన్సర్ మార్చి ఉపయోగం లేదు, గాలి తీస్తే సరిపోతుంది.

మట్టం సరిగా ఉంటే ఇంజిన్ నడిపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో సెన్సర్ బిగించిన చోటును, పై హోస్‌ను కొలిచి స్కానర్‌లో (ఈసీయూ చూసే కొలతలను, లోపాల కోడ్‌లను చదివే పరికరంలో) కనిపించే అంకెతో పోల్చండి. మెరిసే లోహం మీద ఈ పరికరం నిజం కంటే తక్కువ చూపుతుంది కాబట్టి, కొలిచే చోట నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి దాని మీద కొలవడం మేలు. పైపై ఉష్ణోగ్రత కూలంట్ కంటే కొన్ని డిగ్రీలు తక్కువ ఉండటం సహజమే. ఇరవై, ముప్పై డిగ్రీల తేడా మాత్రం సహజం కాదు.

కోడ్ చదవడం, దాన్ని సరిగా అర్థం చేసుకోవడం

స్కానర్ పెట్టి కోడ్‌లను, వాటితో పాటు నమోదైన ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలను (లోపం పట్టుబడిన క్షణంలోని కొలతలను) ముందు రాసుకోండి, చెరపవద్దు. పీ0117 అంటే సర్క్యూట్ వోల్టేజీ మరీ తక్కువ, పీ0118 అంటే మరీ ఎక్కువ. ఎక్కువ, తక్కువ అన్నవి ఇక్కడ వోల్టేజీకి సంబంధించిన మాటలే తప్ప వేడికి సంబంధించినవి కావు. పీ0118 వచ్చినప్పుడు ఈసీయూ చూస్తున్నది ఇంజిన్ వేడి కాదు, తెగిన వైరు వల్ల కనబడే మైనస్ 40. ఈ తిరకాసు తెలియక పీ0118 చూసి రేడియేటర్ విప్పిన సందర్భాలు తక్కువేమీ కాదు. పీ0119 అంటే సంకేతం మధ్యమధ్యలో తెగుతోందని, పీ0116 అంటే కొలత సర్క్యూట్ హద్దుల్లోనే ఉన్నా ఇంజిన్ నడుస్తున్న తీరుకు పొసగడం లేదని అర్థం. పీ0128 అయితే ఇంజిన్ చేరవలసిన వేడికి చేరడం లేదని చెబుతుంది, అప్పుడు ముందుగా అనుమానించవలసింది థర్మోస్టాట్‌ను.

లారీలు, బస్సులలో కోడ్ ఎస్‌పీఎన్ (లోపం ఏ కొలతకు చెందినదో), ఎఫ్‌ఎంఐ (అది ఏ రకం లోపమో) రూపంలో వస్తుంది. ఎస్‌పీఎన్ 110 కూలంట్ ఉష్ణోగ్రతకు చెందినది. దాని పక్కన ఎఫ్‌ఎంఐ 3 ఉంటే వోల్టేజీ ఎక్కువ, 4 ఉంటే తక్కువ, 2 ఉంటే సంకేతం నిలకడగా లేదు అని అర్థం. ఎఫ్‌ఎంఐ 0 వస్తే మాత్రం సర్క్యూట్‌లో లోపం పట్టుబడలేదు, కొలతే ప్రమాదకరమైన స్థాయిలో ఉంది అని ఈసీయూ చెబుతున్నట్టు. దాన్ని సెన్సర్ లోపంగా కొట్టిపారేయకండి.

రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద మొదటి పరీక్ష

నా దృష్టిలో ఇంతకు మించిన పరీక్ష లేదు, దీనికి స్కానర్ తప్ప మరేమీ అక్కర్లేదు. బండిని రాత్రంతా నీడలో నిలిపి, ఉదయం ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి, కూలంట్, లోపలికి వచ్చే గాలి, ఇంధనం, ఉంటే ఇంజిన్ ఆయిల్ ఉష్ణోగ్రతలను పక్కపక్కనే చూడండి. అన్నీ బయటి వాతావరణానికి దగ్గరగా, ఒకదానికొకటి ఐదారు డిగ్రీల లోపు తేడాతో ఉండాలి. గాలి 27, ఇంధనం 28, ఆయిల్ 28 చూపుతూ కూలంట్ ఒక్కటే 44 చూపితే, లోపం కూలంట్ సెన్సర్ వైపు ఉందని స్పానర్ ముట్టకుండానే తెలిసిపోతుంది. నాలుగూ కలిసి తప్పు చూపితే అది ఏ ఒక్క సెన్సర్ తప్పూ కాదు. అవన్నీ పంచుకునే ఎర్త్ వైరునో, ఈసీయూనో అనుమానించాలి.

తరువాత ఇంజిన్ స్టార్ట్ చేసి కొలత పెరిగే తీరును స్కానర్‌లో గ్రాఫ్‌గా చూడండి. ఆరోగ్యకరమైన సెన్సర్ కొలత మెల్లగా, ఎక్కడా తెగకుండా పెరుగుతూ పోయి, థర్మోస్టాట్ తెరుచుకునే 82 నుంచి 88 డిగ్రీల ప్రాంతంలో కొంచెం తగ్గి స్థిరపడుతుంది. లీటర్ల కొద్దీ కూలంట్ ఒక్క సెకనులో 70 నుంచి 110 డిగ్రీలకు ఎగబాకడం భౌతికంగా సాధ్యం కాదు. అటువంటి దూకుడు కనిపిస్తే కప్లర్‌లోనో వైరులోనో తాకీతాకని చోటు ఉన్నట్టే. కొలత 60, 65 దగ్గరే ఆగిపోయి, పై హోస్ మొదటి నుంచీ గోరువెచ్చగా ఉంటే సెన్సర్ నిజమే చెబుతోంది, థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది. మన ఎండలకు ఇంజిన్ వేడెక్కకూడదని థర్మోస్టాట్ వాల్వ్‌నే తీసేసే అలవాటు పాత బండ్ల కాలం నుంచి కొన్ని షెడ్లలో ఉంది. బీఎస్6 బండిలో ఆ పని చేస్తే డీపీఎఫ్ తరచూ నిండిపోతుంది, ఇంజిన్ లైటు వెలుగుతుంది, అనవసరంగా సెన్సర్ మీద నింద పడుతుంది.

కప్లర్ విప్పి సర్క్యూట్‌ను పరీక్షించడం

తాళం ఆపి, సెన్సర్ కప్లర్ విప్పి, మళ్లీ తాళం ఆన్ చేసి స్కానర్ చూడండి. కొలత మైనస్ 40 ప్రాంతానికి పడాలి. ఇప్పుడు కప్లర్‌లోని రెండు పిన్నులను సన్నని వైరు ముక్కతో కలపండి. కొలత 130 దాటి పైకి పోవాలి. రెండూ జరిగితే ఈసీయూ, సిగ్నల్ వైరు, ఎర్త్ వైరు మొత్తం మీద బాగానే ఉన్నాయి, అనుమానం సెన్సర్ మీదకు మళ్లుతుంది. కప్లర్ విప్పినా కొలత వేడిగానే ఉంటే సిగ్నల్ వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది. కలిపినా మైనస్ 40 దగ్గరే ఉంటే రెండు వైర్లలో ఒకటి తెగింది. అది ఏదో తెలియాలంటే సిగ్నల్ పిన్నును కలిపిన వైరు రెండో కొనను బ్యాటరీ నెగెటివ్‌కు తాకించండి. అప్పుడు కొలత పైకి పోతే తెగినది ఎర్త్ వైరు, లేకపోతే సిగ్నల్ వైరు.

అయితే రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ఈ పరీక్ష రెండు పిన్నుల సెన్సర్‌కే వర్తిస్తుంది. నాలుగు పిన్నులున్న సెన్సర్లలో పిన్నులను ఊహతో కలిపితే ఇతర సర్క్యూట్లు దెబ్బతినవచ్చు. రెండోది, కోడ్ నమోదు కాగానే చాలా ఈసీయూలు నిజమైన కొలతను పక్కనపెట్టి తమ సొంత లెక్క ప్రకారం ఒక అంకెను చూపిస్తాయి. కప్లర్ విప్పినా స్కానర్‌లో కదలిక లేకపోతే అయోమయపడకుండా, స్కానర్‌లో ఉంటే సెన్సర్ వోల్టేజీ అన్న వరుసను చూడండి, లేదా కప్లర్ పిన్నుల మధ్య మల్టీమీటరు పెట్టి 5 వోల్టులకు దగ్గరగా వస్తున్నదో లేదో నేరుగా కొలవండి. మీటరు ప్రోబ్‌ను కప్లర్ ముందువైపు రంధ్రంలోకి బలంగా గుచ్చితే లోపలి పట్టు వదులై కొత్త లోపం పుడుతుంది. వెనకవైపు నుంచి సన్నని పిన్నుతో కొలవండి. వైరు పైతొడుగును గుచ్చి కొలవడం కూడా మంచిది కాదు, ఆ చిన్న రంధ్రంలోంచి నీరు దిగి కొన్ని నెలల్లో రాగి పచ్చబడి తెగిపోతుంది.

సెన్సర్‌ను నీళ్లలో పెట్టి కొలవడం

అనుమానం సెన్సర్ మీదే ఉంటే, ఇంజిన్ చల్లారాక దాన్ని విప్పి ఓమ్‌లలో కొలవండి. లోహపు కొన మాత్రమే మునిగేలా గిన్నెలో నీళ్లు పోసి, పక్కన థర్మామీటరు ఉంచి, నెమ్మదిగా వేడి చేస్తూ ప్రతి పది డిగ్రీలకు ఒకసారి అంకె రాసుకోండి. గిన్నె అడుగు నీటికంటే వేడిగా ఉంటుంది కాబట్టి కొన దానికి తగలకుండా దారంతో వేలాడదీయండి. థర్మామీటరు లేకపోతే కరుగుతున్న మంచు నీళ్లు 0 డిగ్రీలకు, మరిగే నీళ్లు పై కొసకు ఆధారంగా పనికివస్తాయి. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో సుమారు 98 దగ్గరే మరుగుతుంది, పైన చెప్పిన రకం సెన్సర్ అక్కడ 187 బదులు 197 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. వేడెక్కేటప్పుడు అంకె సాఫీగా తగ్గుతూ రావాలి. మధ్యలో ఒక్కసారిగా అనంతానికి పోయి తిరిగి వస్తే సెన్సర్ లోపల అతుకు విడిపోయిందని అర్థం, దాన్ని నిస్సందేహంగా మార్చవచ్చు.

కొన మీద గట్టి తెల్లటి పొర ఉన్నదేమో కూడా చూడండి. కూలంట్ బదులు బోరు నీళ్లు పోస్తూ వచ్చిన ఇంజిన్లలో సున్నపు పొర కొనను కప్పేసి, సెన్సర్ స్పందనను ఆలస్యం చేస్తుంది. అటువంటి సెన్సర్ నీళ్ల గిన్నెలో చివరికి సరైన అంకెనే చూపుతుంది, కానీ ఆలస్యంగా చేరుతుంది.

చలిలో దాక్కునే లోపం, వేడిలో దాక్కునే లోపం

సెన్సర్ బాగానే ఉంది, వైర్లూ తెగలేదు, అయినా కొలత తప్పుగానే ఉంది అన్నప్పుడు కప్లర్‌ను వెలుగులో దగ్గరగా పట్టుకుని చూడండి. పిన్ను మొదట్లో ఆకుపచ్చ పొడి, రబ్బరు సీలు అంచున నీటి మరక, వెండి రంగు పోయి నల్లబడిన పిన్ను, ఇవే ఇక్కడ ఆధారాలు. తుప్పు రెండు రకాలుగా పనిచేస్తుంది, ఆ రెండూ ఒకదానికొకటి వ్యతిరేకం.

పిన్నుకూ పిన్నుకూ మధ్య స్పర్శ చెడి, సర్క్యూట్‌లో 100 ఓమ్‌ల నిరోధం అదనంగా చేరిందనుకోండి. ఉదయం 30 డిగ్రీల దగ్గర సెన్సర్ 1,700 ఓమ్‌లకు ఆ 100 కలిస్తే 1,800 అవుతుంది, కొలత 28 డిగ్రీలుగా కనబడుతుంది, ఎవరూ అనుమానించరు. అదే ఇంజిన్ 100 డిగ్రీలకు చేరాక 187కు 100 కలిసి 287 అవుతుంది, ఈసీయూకు అది 84 డిగ్రీలుగా కనబడుతుంది. ఫ్యాన్ ఆలస్యంగా తిరుగుతుంది, ఇంజిన్ నిజంగానే అతిగా వేడెక్కుతుంది, కోడ్ మాత్రం రాదు. కాబట్టి చల్లటి ఇంజిన్ మీద పరీక్ష నెగ్గినంత మాత్రాన కప్లర్ బాగుందని అనుకోకండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో మరోసారి పోల్చి తీరాలి.

రెండో రకంలో, కప్లర్‌లోకి చేరిన తడి రెండు పిన్నుల మధ్య దొంగదారి ఏర్పరుస్తుంది. ఆ దారి నిరోధం 2,500 ఓమ్‌లు అనుకుంటే, 30 డిగ్రీల దగ్గర 1,700 ఓమ్‌లతో సమాంతరంగా కలిసి మొత్తం వెయ్యికి కాస్త పైన ఉంటుంది, చల్లటి ఇంజిన్ 44 డిగ్రీల వేడిలో ఉన్నట్టు కనబడుతుంది. ఆ అంకెను నమ్మి ఈసీయూ గ్లో ప్లగ్‌ల సమయాన్ని, స్టార్టింగ్ ఇంధనాన్ని తగ్గిస్తుంది, ఉదయం సెల్ఫ్ ఎక్కువసేపు తిప్పవలసి వస్తుంది. వేడెక్కాక 90 డిగ్రీల దగ్గర తేడా మూడు నాలుగు డిగ్రీలే కాబట్టి లోపం కనబడకుండా పోతుంది. వానాకాలంలో వచ్చి ఎండాకాలంలో మాయమయ్యే స్టార్టింగ్ సమస్యలలో దీన్ని తప్పక పరిశీలించండి. రెండు సందర్భాలలోనూ కప్లర్‌ను ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రపరిచి, ఆరబెట్టి, రబ్బరు సీలు మార్చాలి. పిన్ను లోహమే తినుకుపోయి ఉంటే కొత్త కప్లర్ వేయడమే సరైన పని.

ఇంజిన్ నడుస్తుండగా స్కానర్ గ్రాఫ్ చూస్తూ వైర్ల కట్టను కప్లర్ నుంచి ఈసీయూ దాకా జానెడు జానెడుగా కదిలించి చూడండి. బ్రాకెట్ అంచుల దగ్గర, ఈజీఆర్ పైపుకు, టర్బోకు దగ్గరగా వెళ్లే చోట వైరు ఎక్కువగా దెబ్బతింటుంది. చేతులు, చొక్కా అంచులు ఫ్యాన్‌కు, బెల్టుకు దూరంగా ఉంచుకోండి.

కొత్త సెన్సర్ బిగించేటప్పుడు

పాత సెన్సర్ పార్ట్ నంబరుతో సరిపోల్చి కొనండి. మర, కప్లర్ ఒకేలా ఉండి లోపలి ఓమ్‌ల పట్టిక వేరుగా ఉన్న సెన్సర్లు దొరుకుతాయి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట కొంటున్నా సరే, బిల్లు కట్టే ముందు మల్టీమీటరుతో అక్కడి గాలి ఉష్ణోగ్రత దగ్గర ఓమ్‌లు కొలిచి చూసుకోండి. పాత ఇంజిన్లలో మీటరు ముల్లు కోసం ఒకే వైరు ఉన్న సెన్సర్ వేరుగా ఉంటుంది, అది బాడీ ద్వారానే ఎర్త్ తీసుకుంటుంది. దాని మరలకు టెఫ్లాన్ టేపు మందంగా చుడితే ఎర్త్ బలహీనపడి ముల్లు తక్కువ చూపిస్తుంది. వాషర్ గానీ ఓ రింగ్ గానీ కొత్తది వేసి, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే బిగించండి. అల్యూమినియం హౌసింగ్‌లో ఇత్తడి సెన్సర్‌ను అతిగా బిగిస్తే మర పోతుంది. కారిన కూలంట్‌ను నింపి, గాలి తీసి, కోడ్‌లు చెరిపి, ఒకసారి వేడెక్కేదాకా నడిపి, మరునాడు ఉదయం నాలుగు ఉష్ణోగ్రతలనూ మళ్లీ పోల్చండి.

మిగిలిన ఉష్ణోగ్రత సెన్సర్లు

గాలి ఉష్ణోగ్రత సెన్సర్‌కు పీ0112, పీ0113, ఇంధన ఉష్ణోగ్రత సెన్సర్‌కు పీ0182, పీ0183 కోడ్‌లు పైన చెప్పిన తక్కువ, ఎక్కువ వోల్టేజీ వరుసలోనే వస్తాయి, పరీక్షా విధానమూ అదే. గాలి సెన్సర్ చాలా బండ్లలో ఎయిర్ ఫ్లో మీటరులోనో బూస్ట్ ప్రెజర్ సెన్సర్‌లోనో కలిసి ఉంటుంది కాబట్టి, వైరింగ్ బొమ్మ చూసి సరైన రెండు పిన్నులను గుర్తించాకే ముట్టుకోండి.

ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత సెన్సర్లు మాత్రం వేరే జాతి. వాటిలో విరివిగా కనిపించే పీటీ200 రకం 0 డిగ్రీల దగ్గర 200 ఓమ్‌లు, మామూలు గది వేడిలో 220 ఓమ్‌లకు కాస్త అటూఇటూగా ఉండి, వేడి పెరిగే కొద్దీ నిరోధం కూడా పెరుగుతుంది. అందుకే దీని వైరు తెగితే ఈసీయూకు కనబడేది చలి కాదు, విపరీతమైన వేడి. ఎగ్జాస్ట్ సెన్సర్ వోల్టేజీ ఎక్కువ అని చెప్పే పీ0546 వచ్చినప్పుడు కూలంట్ సెన్సర్ లెక్కను ఇక్కడ వర్తింపజేస్తే తప్పుదారి పడతారు. చల్లటి ఇంజిన్ మీద ఎగ్జాస్ట్ సెన్సర్లన్నిటి కొలతలను ఒకదానితో ఒకటి పోల్చి చూస్తే తేడాగా ఉన్నది బయటపడుతుంది. కొన్ని కొత్త బండ్లలో ఈ సెన్సర్లకు సొంత ఎలక్ట్రానిక్ పెట్టె ఉండి డిజిటల్ సంకేతం పంపుతాయి, వాటి మీద ఓమ్ మీటరు పెట్టకుండా పెట్టెకు వచ్చే కరెంటును, ఎర్త్‌ను మాత్రమే పరీక్షించండి. సెన్సర్ విప్పేటప్పుడు, దాని వైరు మెలిపడకుండా పక్కన కోత ఉన్న ప్రత్యేక సాకెట్ వాడండి. పట్టేసిన మరకు ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచి, మరునాడు ఎగ్జాస్ట్‌ను కొద్దిగా గోరువెచ్చగా చేసి విప్పితే మర తెగకుండా వస్తుంది.